ఎడమ పక్కనున్న పిల్ల

"ఎడమ పక్కనున్న పిల్ల మీ అక్కగారండి" అని సోమలింగం ఒక పెద్దావిడకు చెప్పాడు.

ఆ మాట చెప్పి వచ్చాక వానాకాలం వెళ్ళిపోయింది. చలి మొదలైంది. ఆ మాట మాత్రం అతణ్ణి వదల్లేదు. ఎందుకంటే, ఆ సంగతి నిజమో కాదో అతనికి తెలియదు.

సోమలింగం బందరులో దస్తగిరి సాహెబుగారి దగ్గర ఫోటోల పని నేర్చుకున్నాడు. కంసాలుల ఇంట పుట్టినవాడు. చేతిలో ఒడుపు పుట్టుకతోనే వచ్చింది. గాజు పలక మీద మందు పోసి, చుక్క ఒలకకుండా నాలుగు మూలలకూ సమంగా పారించడం అతనికి ఆటగా ఉండేది. ఈ పనిలో గురువు చెయ్యి కంటే తన చెయ్యే మేలని లోపల ఒక నమ్మకం. పైకి ఎప్పుడూ అనలేదు.

ఆ రోజుల్లో జమీందార్లకు కొత్త మోజు ఒకటి పట్టుకుంది. హాళ్ళలో వేలాడే రంగుల చిత్రాలను ఫోటోలు తీయించి, తోలు అట్ట వేసిన పుస్తకంగా కుట్టించి, కలెక్టరు దొరకూ, పొరుగు సంస్థానాలకూ పంపేవారు. తమ గోడల మీద ఏమున్నదీ లోకానికి తెలియాలి. లోకం మాత్రం గోడ దాకా రాకూడదు.

ఫోటో తీసేవాడికి అది మంచి పనే. బొమ్మను గోడ మీంచి దింపించి, పెరట్లో ఎండకు ఏటవాలుగా నిలబెట్టాలి. నల్లగుడ్డ డేరాలో పలకకు మందు పూసి, తడి ఆరేలోపు ఫోటో తీసి, తడి ఆరేలోపే కడగాలి. మనిషైతే కదులుతాడు, దగ్గుతాడు. బొమ్మ కదలదు.

అయితే ఆ పలకకు ఒక గుడ్డితనం ఉండేది. నీలం రంగు దానికి తెల్లగా కనిపించేది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, మూడూ నలుపే. జమీందార్లు అది పట్టించుకునేవారు కాదు. వాళ్ళ దగ్గర అసలు బొమ్మ ఉంది కదా.

దస్తగిరి సాహెబు ఆ చుట్టుపక్కల ఈ పనికి మొదటివాడు. మాట తక్కువ మనిషి. భార్య పోయాక ఏదో దర్గా పీరుగారి దగ్గర మురీదుగా, అంటే శిష్యుడిగా చేరాడని, అప్పట్నుంచి ఆ కాస్త మాటా తగ్గిందని ఊళ్ళో అనేవారు. ఆయనకొక అలవాటు ఉండేది. బొమ్మను ఎండలో నిలబెట్టాక వెంటనే కెమెరా పెట్టె తెరిచేవాడు కాదు. దాని ముందు చాప వేసుకుని కూర్చునేవాడు. చద్దన్నం వేళ దాటేది, భోజనం వేళ దాటేది. ఎండ వాలిపోతోందని సోమలింగం కాళ్ళు మార్చి మార్చి నిలబడేవాడు. ముసలితనం అనుకునేవాడు.

తర్వాత ఆయన కళ్ళకు శుక్లాలు కమ్మాయి. ఊళ్ళు తిరిగే పనంతా శిష్యుడి మీద పడింది. సోమలింగం చాప వేసుకోలేదు. గురువు వారం చేసే పనిని అతను రెండు పూటల్లో ముగించి వచ్చేవాడు. ఫోటోలు కూడా గురువు తీసిన వాటికంటే నిక్కచ్చిగా ఉండేవి.

అలా వెళ్ళిన ఊళ్ళలో కొత్తమెరక ఒకటి. చిన్న జమీ. జమీందారుగారు పోయారు, పిల్లలు లేరు. ఆస్తి దావా దాయాదుల పక్షాన తీర్పయింది. చిత్రాలన్నీ వాళ్ళు పట్టుకుపోయి అమ్ముకుంటారని తెలిశాక, రాణి బంగారయ్యమ్మగారు బందరుకు మనిషిని పంపింది. అవి వెళ్ళేలోపు ఫోటోలు తీసి పెట్టమంది. అందరూ తమ బొమ్మలు ఇతరులకు చూపించడానికి తీయించుకునేవారు. ఆమె తనకోసం తీయించుకుంది.

సోమలింగం వెళ్ళాడు. ఒక్కొక్క బొమ్మే పెరట్లోకి వచ్చింది, వెళ్ళింది. పని అయిపోయింది.

కొన్నాళ్ళకు పుస్తకం కుట్టించి తీసుకెళ్ళేసరికి ఆ ఇల్లు వేరేగా ఉంది. హాలు గోడల మీద బొమ్మలుండిన చోట్ల నలుచదరపు మచ్చలు మిగిలాయి. రాణిగారికి వెనక వైపు రెండు గదులు వదిలారు. ఘోషా ఇల్లు కావడంతో ఆమె వెదురు తెర వెనక కూర్చుంది. సూరమ్మ అనే పనిమనిషి పుస్తకాన్ని తెర కిందుగా లోపలికి అందించింది.

కాగితాలు తిరగేస్తున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. తర్వాత ఆగింది.

"అన్నీ బాగున్నాయి నాయనా" అంది తెర వెనక గొంతు. "ఒక్కటి అడుగుతాను, చెబుతావా?"

"చెప్పండమ్మా."

పుస్తకం తెర కిందుగా బయటికి వచ్చింది. దాని మీద ముడతలు పడిన చెయ్యి ఒకటి. ఇద్దరు ఆడపిల్లలు పక్కపక్కనే నిలబడ్డ బొమ్మ అది. ఇద్దరివీ నల్ల పరికిణీలు.

"ఇది నేను పుట్టింటి నుంచి తెచ్చుకున్న బొమ్మ. మావాళ్ళు అంత కలిగినవాళ్ళేం కాదు. ఒక వానాకాలం మా అరుగు మీద బస చేసిన బొమ్మలాయన, తిన్న అన్నానికి బదులుగా వేసిచ్చాడు. మా అక్క అచ్చాయమ్మ, నేను. అక్క నాకు పెళ్ళి కాకముందే పురిట్లో పోయింది. ఇక్కడికి తెచ్చాక మావారు దీన్ని కచేరీ హాల్లో పెట్టించారు. అక్కడికి మేము వెళ్ళకూడదు. పైనుంచి జాలీలోంచి చూసేదాన్ని. అంత దూరంలో మొహాలు ఏం కనిపిస్తాయి? ఎర్ర పరికిణీ అక్క, ఆకుపచ్చ పరికిణీ నేను. అంతే నాకు గుర్తు. ఎడమా కుడీ ఏనాడూ చూసుకోలేదు."

ఆమె వేలు ఒక పరికిణీ మీంచి రెండో దాని మీదికి కదిలింది.

"ఇప్పుడు రెండూ నలుపయ్యాయి. మా ఇద్దరిదీ ఒకటే పోలిక, బొమ్మలాయన ఎత్తు కూడా ఒకటిగానే వేశాడు. ఎంత చూసినా ఎవరు ఎవరో తెలియడం లేదు. నువ్వు బొమ్మను దగ్గరగా చూశావు కదా. ఎర్ర పరికిణీ ఏ పక్కన ఉంది?"

సోమలింగం ఆ బొమ్మను చూసిన మాట నిజమే. నల్లగుడ్డ కప్పుకుని, కెమెరా వెనక గాజులో, తలకిందులుగా చూశాడు. అంచులు వంకర పోలేదు కదా అని చూశాడు. మూలలు స్పష్టంగా ఉన్నాయా అని చూశాడు. పరికిణీలు ఏ రంగువో అతను చూడలేదు.

తెలియదని చెప్పవచ్చు. కానీ తెర వెనక ఆవిడ ఎదురు చూస్తోంది. పక్కన సూరమ్మ కూడా చూస్తోంది. తాను తీసిన బొమ్మలో ఏముందో తెలియదని చెప్పడానికి సిగ్గేసింది. ఆవిడ మీద జాలి కూడా వేసింది. సిగ్గు ముందో జాలి ముందో అతనికే తెలియదు.

"ఎడమ పక్కనున్న పిల్ల మీ అక్కగారండి" అన్నాడు.

ఆ చెయ్యి ఎడమ పక్క పిల్ల మీద కాసేపు ఉండి, పుస్తకంతో పాటు లోపలికి వెళ్ళిపోయింది.

"మా ఇద్దర్నీ ఎరిగినవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు నాయనా. నువ్వు చూశావు కాబట్టి సరిపోయింది" అంది.

చలికాలంలో వేరే పని మీద వెళ్తుంటే పడవ కొత్తమెరక రేవులో ఆగింది. సూరమ్మ నీళ్ళు పట్టుకుంటూ అతన్ని గుర్తుపట్టింది.

"మీరు చెప్పిన కాడ్నించి అమ్మగారు కుదుటపడ్డారు బాబూ. ఆ ఫోటోకి అద్దం కట్టించారు. ఎడం పక్క పిల్లకి బొట్టు పెట్టి, పొద్దున్నే పూలు పెడతన్నారు. అక్కా అక్కా అని ఏదో మాట్టాడుకుంటా ఉంటారు."

పడవ కదిలింది. సోమలింగం మూట విప్పి తెచ్చుకున్న అన్నం ముందు పెట్టుకున్నాడు. తినకుండానే మళ్ళీ మూట కట్టేశాడు. తాను చెప్పింది తప్పయితే, ఆ పెద్దావిడ పోయినవాళ్ళకు పెట్టినట్టు రోజూ తన బొమ్మకు తానే పూలు పెట్టుకుంటోంది.

బందరు చేరగానే గురువు దగ్గరికి వెళ్ళి, అరుగు మీద కూర్చుని, జరిగినదంతా చెప్పాడు.

దస్తగిరి తస్బీ పూసలు తిప్పుతూ విన్నాడు. ఆయన వేలి కొసలు ఏళ్ళ తరబడి వెండి మందు తగిలి నల్లబడి ఉన్నాయి.

"ఆ బొమ్మను చూశావా?" అని అడిగాడు.

"నేనే తీశాను కదండీ."

"తీసిన సంగతి అడగలేదు."

సోమలింగం తల దించుకున్నాడు. కాసేపటికి మళ్ళీ ఉత్సాహం తెచ్చుకున్నాడు. దారిలోనే ఒక ఉపాయం ఆలోచించి పెట్టుకున్నాడు.

"చెన్నపట్నంలో కొత్త రకం పలకలు దొరుకుతున్నాయండీ. ఆకుపచ్చ వాటికి కాస్త తెల్లగా కనిపిస్తుందట. ఎరుపు మాత్రం నలుపే. ఆ బొమ్మ ఇప్పుడు ఏలూరులో పుల్లయ్య శెట్టిగారనే తివాచీల వర్తకుడి దగ్గరుందని కనుక్కున్నాను. పలకలు తెప్పించి, వెళ్ళి మళ్ళీ తీస్తాను. కొత్త ఫోటో పంపిస్తే ఎవరు ఎవరో ఆమెకే తెలుస్తుంది. నేనేమీ చెప్పుకోనక్కర్లేదు."

దస్తగిరి పూసలు తిప్పడం ఆపాడు.

"ఎప్పుడు వెళ్దాం?"

"మీరెందుకండీ శ్రమ? పడవ ప్రయాణం, పైగా మీ కళ్ళు..."

"కళ్ళు పడవకు అక్కర్లేదులే" అన్నాడు దస్తగిరి.

పలకలు వచ్చాక ఇద్దరూ బయల్దేరారు. బెజవాడ దాకా ఒక పడవ, అక్కడినుంచి ఏలూరు కాలువలో మరొకటి. కోతలైపోయిన పొలాలు అటూ ఇటూ ఖాళీగా పడి ఉన్నాయి. గట్టు మీద తాడు లాగేవాళ్ళ అడుగుల చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు. దస్తగిరి పడవ అంచున కూర్చుని, మొహాన ఎండ తగిలినప్పుడు అటు తిరిగేవాడు, నీడ వచ్చినప్పుడు తల దించుకునేవాడు.

పుల్లయ్య శెట్టి మర్యాదస్తుడే. గోడలు బోసిగా ఉన్నాయని కొత్తమెరక బొమ్మలు కొన్నాడు. పెద్దవి ముందు గదుల్లో పెట్టుకున్నాడు. ఈ చిన్న బొమ్మకు చోటు దొరక్క, తివాచీ చుట్టలు పేర్చిన గదిలో గోడకు ఆనించి వదిలేశాడు. బందరు నుంచి ఫోటో తీసేవాళ్ళు వచ్చారనగానే సంతోషించి, దాన్ని తుడిపించి పెరట్లో పెట్టించాడు.

ఎండ అనుకున్నట్టే ఉంది. సోమలింగం మూడు కాళ్ళ బల్ల నిలబెట్టి, కెమెరా బిగించి, కొత్త పలక తీయడానికి వంగాడు. తల ఎత్తేసరికి దస్తగిరి కెమెరా ముందున్నాడు. చేతులతో తడుముకుంటూ ఇత్తడి గొట్టం పట్టుకుని, లెన్సును మెల్లిగా తిప్పి ఊడదీశాడు. రుమాలులో చుట్టి కోటు జేబులో వేసుకున్నాడు. తర్వాత గోడ పట్టుకుంటూ వెళ్ళి, వీధి గుమ్మంలో, బయటికి తిరిగి కూర్చున్నాడు.

సోమలింగం వెనకే వెళ్ళాడు.

"గురువుగారూ, ఎండ బాగుందండీ."

"బాగుంది."

"లెన్సు ఇప్పిస్తే..."

"సాయంత్రం ఇస్తాను."

అంతకంటే ఏమీ అనలేదు. సోమలింగం కాసేపు అక్కడే నిలబడి, వెనక్కి వచ్చి, కన్ను లేని కెమెరా పక్కన బొమ్మ ముందు కూర్చున్నాడు. ఒళ్ళు మండిపోతోంది.

మొదటి చూపులోనే తేలిపోయింది. ఎర్ర పరికిణీ కుడి పక్కన ఉంది. ఎడమ పక్కనున్నది ఆకుపచ్చ.

అతను లేచి మళ్ళీ గుమ్మం దగ్గరికి వెళ్ళాడు.

"చూశానండీ. తప్పే చెప్పాను. ఎడమ పక్కన ఉన్నది రాణిగారే. తెలియవలసింది తెలిసింది, ఇక వెళ్దాం."

దస్తగిరి తల తిప్పలేదు.

"ఎండ ఇంకా ఉంది" అన్నాడు.

సోమలింగం తిరిగి వచ్చి కూర్చున్నాడు. ఏం చెయ్యాలో తోచలేదు. మెటికలు విరుచుకున్నాడు. బొమ్మ అంచులు చూశాడు, అవి వంకరగానే ఉన్నాయి. రంగు ఒకచోట పెచ్చు లేచింది. గీసినవాడు గొప్ప పనివాడేం కాదు, ఆకాశం సరిగా కుదరలేదు. తప్పులన్నీ అయిపోయాయి. పొద్దు ఇంకా నెత్తి మీదికి రాలేదు.

చూడడానికి ఇంకేమీ లేదనుకున్న తర్వాత, చిన్నపిల్ల పెదవులు అతని కంటబడ్డాయి. గట్టిగా బిగించి ఉన్నాయి. బుగ్గలు మాత్రం పొంగి ఉన్నాయి. ఆ పిల్ల బొమ్మలాయన వైపు చూడడం లేదు. ఓరగా అక్క వైపు చూస్తోంది. అక్క మాత్రం బుద్ధిగా, సూటిగా ఎదురు చూస్తోంది.

తర్వాత ఆకుపచ్చ పరికిణీ కింది అంచు కనబడింది. అక్కడ ఒక ఎర్రని పట్టీ వేసి కుట్టారు. పిల్ల ఎదిగి పరికిణీ పొట్టయిపోతే, అక్క పరికిణీ గుడ్డే అతికినట్టున్నారు. ఫోటోలో అదంతా ఒకటే నలుపు.

మధ్యాహ్నం పుల్లయ్య శెట్టి పెరట్లోకి తొంగిచూసి, గుమ్మం దగ్గరికి వెళ్ళాడు.

"ఏం సాహెబుగారూ, మీ కుర్రాడు ఊరికే కూర్చున్నాడేం?"

"పనిలో ఉన్నాడండీ" అన్నాడు దస్తగిరి.

ఎండ పక్కకు తిరిగాక, అప్పటిదాకా లేనిది ఒకటి పైకి వచ్చింది. చిన్నపిల్ల నడుం దగ్గర, ఆకుపచ్చ మీద మూడు చిన్న పసుపు చుక్కలు. వేలి కొసలు అవి. అక్క చెయ్యి వెనక నుంచి వచ్చి చెల్లెల్ని పట్టుకుని ఉంది. పసుపు రాసుకున్న వేళ్ళు.

సోమలింగం తలకు ఎండ తగులుతోందని కూడా మరిచిపోయాడు. ఈ బొమ్మను తాను పెరట్లోకి తెప్పించి, నిలబెట్టి, తీసి, పంపేశాడు. ఇలాంటివి ఎన్ని తీశాడో గుర్తు తెచ్చుకోబోయాడు. ఊళ్ళు గుర్తొచ్చాయి, హాళ్ళు గుర్తొచ్చాయి. బొమ్మలు రాలేదు.

సాయంత్రం దస్తగిరి పెరట్లోకి వచ్చి లెన్సు చేతికిచ్చాడు. వెలుతురు ఇంకా కాస్త ఉంది, తొందరపడితే ఒక పలక తీయవచ్చు. సోమలింగం లెన్సును పెట్టెలో పెట్టి మూత వేశాడు. బొమ్మను తానే ఎత్తుకెళ్ళి తివాచీల గదిలో గోడకు ఆనించి వచ్చాడు.

తిరుగు పడవ కొత్తమెరక రేవులో ఆగినప్పుడు సోమలింగం లేచాడు.

"మీరూ రండి గురువుగారూ."

"నేనెందుకు? చూసింది నువ్వు" అన్నాడు దస్తగిరి. పడవ ఆయన్ను తీసుకుని బందరు వైపు వెళ్ళిపోయింది.

ఆ వెనక గదుల్లో దీపాలు ఇంకా పెట్టలేదు. తెర వెనక రాణిగారు కూర్చున్న అలికిడి వినిపించింది. తెరకు ఇవతల, పక్కనే చిన్న పీట మీద అద్దం కట్టిన ఫోటో, ఎడమ పక్క పిల్ల ముందు పొద్దుటి పూలు ఉన్నాయి.

సోమలింగం నిలబడే చెప్పాడు.

"అమ్మా, ఆనాడు మీకు చెప్పింది నాకు తెలిసి చెప్పింది కాదండి. బొమ్మ తీశాను గానీ చూడలేదు. ఇప్పుడు ఏలూరు వెళ్ళి చూసి వచ్చాను. ఎర్ర పరికిణీ కుడి పక్కన ఉంది. ఎడమ పక్కనున్నది మీరు."

సూరమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. తెర వెనక చప్పుడు లేదు. ఆవిడ కేకలు వేస్తే బాగుండుననుకున్నాడు సోమలింగం.

"అయితే ఇన్నాళ్ళూ నాకు నేనే పూలు పెట్టుకున్నానన్నమాట" అంది ఆమె చివరికి.

"క్షమించాలమ్మా."

"బతికున్నవాళ్ళు పోయారనుకుంటే ఆయుష్షు పెరుగుతుందంటారు." కొంచెం నవ్వినట్టే ఉంది గాని, ఆ నవ్వు నిలబడలేదు. "ఇంకా ఎన్నేళ్ళు ఉండమంటావు నాయనా, ఈ రెండు గదుల్లో?"

అతను పీట మీది పూల వైపు చూశాడు.

"కూర్చో" అంది. "చూశానన్నావు. ఏం చూశావు?"

సోమలింగం నేల మీద కూర్చున్నాడు. మొదట పరికిణీల సంగతి చెప్పాడు. ఎరుపు దానిమ్మ గింజ ఎరుపు, ఆకుపచ్చ లేత అరిటాకు పచ్చ అని చెప్పాడు. కింది అంచున వేసిన ఎర్ర పట్టీ సంగతి చెప్పాడు.

"అమ్మ కుట్టింది" అంది తెర వెనక గొంతు. "అక్క పరికిణీ గుడ్డ మిగిలితే వేసింది. నాకూ ఎర్రది కావాలని ఏడ్చాను. ఇన్నాళ్ళూ అది నాకు గుర్తే లేదు."

"మీ మూతి బిగించి ఉందండి. మీరు అక్కగారి వైపు చూస్తున్నారు."

"ముందు పళ్ళు ఊడాయి. నవ్వితే బొమ్మలో తొర్రి పడుతుందని అందరూ ఏడిపించారు."

"మీ నడుం దగ్గర అక్కగారి వేళ్ళు కనిపిస్తాయి. వెనక నుంచి మిమ్మల్ని పట్టుకున్నారు. పసుపు వేళ్ళు, మూడు."

"పట్టుకోవడం కాదు" అంది ఆమె. "గిల్లుతోంది. నేను నవ్వు ఆపుకోలేకపోతుంటే, కదలొద్దని గిల్లింది. సాయంత్రం దాకా ఆ చోట ఎర్రగానే ఉంది."

తెర కిందుగా చెయ్యి బయటికి వచ్చింది. ఫోటోను దగ్గరికి లాక్కుంది. ఎడమ పక్క పిల్ల నడుం దగ్గర, ఏమీ కనబడని ఆ నల్లటి చోట, వేలు ఆనించింది.

"ఇక్కడేనా?"

"కొంచెం కిందికండి. అదిగో, అక్కడ."

వేలు అక్కడే ఉండిపోయింది.

సూరమ్మ దీపం తెచ్చి పెట్టింది. కొంతసేపటికి రాణిగారు, "అక్కడ దాన్ని ఎవరైనా చూస్తారా?" అని అడిగింది.

అబద్ధం చెప్పాలని ఒక్క క్షణం అనిపించింది.

"తివాచీలు పెట్టే గదిలో ఉందండి. ఎవరూ చూడరు."

"ఊఁ" అంది. తర్వాత, "నీకు పొద్దుపోతోందా?" అంది.

"లేదమ్మా."

"అయితే మళ్ళీ చెప్పు. మొదటి నుంచీ చెప్పు."

సోమలింగం మళ్ళీ మొదలుపెట్టాడు.

మర్నాడు సాయంత్రానికి బందరు చేరాడు. దస్తగిరి నమాజు ముగించుకుని అరుగు మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. అడుగుల చప్పుడు విని తల ఎత్తాడు.

"చెప్పావా?"

"చెప్పానండి."

"ఏమంది?"

సోమలింగం ఆలోచించాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

"మళ్ళీ చెప్పమన్నారు. రెండోసారి చెబుతుంటే, మొదటిసారి చెప్పనివి ఇంకొన్ని ఉన్నాయండి."

వీధిలో ఎవరో పశువుల్ని తోలుకుపోతున్నారు. దస్తగిరి ఆ చప్పుడు దూరమయ్యేదాకా విన్నాడు. తర్వాత కొంచెం పక్కకు జరిగి, అరుగు మీద చోటు చూపించి, తెల్లబడిన కళ్ళను శిష్యుడి గొంతు వైపు తిప్పాడు.

"కూర్చో" అన్నాడు. "నాకూ చెప్పు."